పన్నెండు నిమిషాలు

"నా కంప్యూటర్ని సర్వనాశనం చేశావు కదరా!" అంటూ రామచంద్రమూర్తి సిద్ధాంతి తన మేనల్లుడు ఆత్రేయ మీద విరుచుకుపడ్డాడు.

ఆయన కంగారుకి కారణం ఉంది. కూతురు రాగసుధ కోసం దాచేపల్లి వాళ్లు అబ్బాయి జాతకం పంపారు. పన్నెండింటికల్లా మాట చెప్పాలి. ముప్పై ఎనిమిదేళ్ల పిల్లకి ఇది పోతే మరో సంబంధం వస్తుందన్న ఆశ లేదు. తీరా చూస్తే జాతకాల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు.

"వైరస్‌లు పట్టి చచ్చిందని మీరే మొత్తుకుంటే విండోస్ తీసేసి లైనక్స్ వేశాను మావయ్యా. మీ సాఫ్ట్‌వేరేమో పాత విండోస్‌ది, ఇందులో పలకదు. వర్చువల్ మెషీన్ పెడతానుండండి."

"అంటే?"

"కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్. బయట లైనక్స్, లోపల మీ విండోస్."

"ఆ కడుపు ఎప్పటికి పండుతుందో చెప్పు. పదిన్నరయింది."

ఆత్రేయ తెర మీది దుమ్ము తుడిచి కూర్చున్నాడు. మొదటిసారి మొరాయించింది. ఆపి, కంప్యూటర్ మూల సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి, ఆఫ్‌లో ఉన్న వర్చువలైజేషన్ ఆన్ చేసి మళ్లీ మొదలెట్టాడు. పదకొండున్నరకి లైనక్స్ మధ్యలో చిన్న కిటికీ తెరుచుకుని పాత విండోస్ లేచింది. రాగసుధ ఇద్దరికీ కాఫీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

జాతకాల సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కింది. మన టైము గ్రీనిచ్ కంటే ఎన్ని గంటలు ముందో చెప్పమంది.

"అయిదున్నర. ఐదు పాయింట్ మూడు సున్నా కొట్టు," అన్నాడు సిద్ధాంతి.

"కాదు మావయ్యా. ఇది గంటని వంద భాగాలుగా లెక్కేస్తుంది. అరగంటంటే యాభై కొట్టాలి. కిందే రాశాడు, చూడండి."

సిద్ధాంతి తెర దగ్గరికి వంగాడు.

"పధ్నాలుగేళ్ల కిందట దీన్ని మొదటిసారి ఎక్కించినప్పుడు నేను ముప్పయ్యే కొట్టాను. అప్పట్నించీ అన్ని జాతకాలూ ఆ లెక్కతోనే వేశాను," అన్నాడు.

"అయితే అది అరగంటని పద్దెనిమిది నిమిషాలే అనుకుని ఉంటుంది, పన్నెండు నిమిషాల తేడా వచ్చుంటుంది. చాలామందికి ఏమీ మారదులెండి. లగ్నం అంచున పుట్టినవాళ్లకే..."

"సుధ వివరాలు కొట్టు."

కంప్యూటర్ వేసిచ్చిన ఆ జాతకం ఆయనకి కంఠతా వచ్చు. తులా లగ్నం, ఎనిమిదింట కుజుడు. ఆ కుజదోషం ఉందనే పదకొండు సంబంధాలు తన చేత్తోనే వెనక్కి పంపాడు. ఇప్పుడు తెర మీద కన్యా లగ్నం. కుజుడు తొమ్మిదింట ఉన్నాడు. దోషం అన్న మాటే లేదు.

"ఇంకోసారి కొట్టరా."

కొట్టాడు. అదే వచ్చింది.

ఊరందరి తలరాతలూ చదివిన మనిషి చిన్నపిల్లాడిలా బావురుమన్నాడు. "పదకొండు మందిరా! ఒక్కొక్కడూ బంగారంలాంటి కుర్రాడు. కన్నకూతురి గొంతు నేనే కోశాను."

ఆత్రేయ లేచి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"సుధా, నన్ను క్షమించమ్మా," అన్నాడు సిద్ధాంతి. "నీ జాతకంలో ఏ దోషమూ లేదు. నాకిప్పుడే తెలిసింది."

రాగసుధ దగ్గరికొచ్చి, తడిసిన ఆయన కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

"మొదటి సంబంధం తిప్పి పంపిన రోజే నాకు తెలుసు నాన్నా. పంచాంగం ముందేసుకుని చేత్తో లెక్క కట్టాను."

"మరి నోరు మూసుకున్నావేమే తల్లీ!"

"అప్పటికే మీ మాట నమ్మి అరవై జంటలు పీటలెక్కాయి నాన్నా."