రెండు ముళ్ళ దారం

మొదటి గాజు పుటుక్కుమంది. రెండోదీ అంతే. మూడోది నీలవేణి పిడికిలి దగ్గరే ఆగిపోయింది.

గాజులామె భుజాన ఉన్న గాజుల మలారం కిందికి దించింది.

"పోయినేడు సిరిమాను పండక్కి ఈ సేతికి నానే ఏసినాను. రెండుంపావు సైజు. ఇప్పుడు రెండున్నర కూడా పట్టడం నేదేటి?"

"ఒళ్ళు సేసినాది మా కోడలు!" అంది జగ్గమ్మ, తనకేదో బిరుదిచ్చినట్టు.

ఒళ్ళు చేసిందంటే ఆ ఘనత జగ్గమ్మదే. కోడలికి ఉబ్బసం. ఏడాదిన్నరగా నెలనెలా రెండు కోసులు నడిచి, గజపతినగరంలో కాంపౌండరు నరసింగరావు దగ్గర సీసా మందు తెచ్చి పోస్తోంది. ఆయాసం తగ్గింది. సీసా మూత తీస్తే ఆ వాసనకే పక్కింటి గేదె దగ్గు కూడా పోయిందని ఊరంతా చెప్పుకొచ్చింది. గేదె మాత్రం ఇంకా దగ్గుతూనే ఉంది.

గాజులామె నీలవేణి చేయి వదల్లేదు.

"ఇది కండ కాదు తల్లీ, వాపు. ఎండలో కూకున్నా సెయ్యి సల్లగున్నాది. సలేస్తాదా అమ్మా నీకు?"

నీలవేణి జవాబు చెప్పేలోగా పొయ్యి మీది పాలు పొంగి చల్లారేవి.

"ఏ...స్తాది."

"ఆ సీసా మందు ఒగ్గీండమ్మా. మందు మంచిదే, కాంపౌండరూ మంచోడే. ఈ పిల్లకి పడనేదు."

"గాజులమ్ముకున్నదానివి, నీకేటి తెలుసు?"

"సెయ్యి పట్టుకుంటే ఎవులికి ఎన్నో నెలో సెప్తాను."

"ఏ ఊరే నీది?"

"మలారం దించిన సోటే మా ఊరు," అని గాజులామె లేచి పోయింది.

ఒకప్పుడు ఆ అత్తాకోడళ్ళు మాటా మాటా అనుకుంటుంటే వీధివీధంతా వంటలు మానుకుని వినేది. ఇప్పుడు నీలవేణి గొంతు కుండలో కప్ప అరిచినట్టుంది. వైశాఖం ఎండల్లో బొంత కప్పుకుంటోంది. పొయ్యి ముందు కూర్చునే నిద్రపోతోంది. కనుబొమల చివర్లు రాలిపోయాయి.

మందు చాలడం లేదనుకుంది జగ్గమ్మ. సీసాకి అంటించిన కాగితం మీద ఒక గీత పోయాల్సింది, రెండు గీతలు పోసింది.

నెల తిరక్కుండానే గాజులామె మళ్ళీ వచ్చింది. జగ్గమ్మ నూతి దగ్గర్నించి వచ్చేసరికి కోడలి పిడికిలి చుట్టూ దారం తిప్పి, ముడి వేస్తోంది.

"సిల్లంగి! ఓలమ్మోలమ్మా, నా కోడలికి సిల్లంగి పెట్టేస్తన్నాది!"

ఆ అరుపుకి లేచిన కాకులు రాయగడ దాకా పోయి, మర్నాడు పాసింజరులో తిరిగొచ్చాయంటారు. చేతబడి అనగానే వీధి మొత్తం గాజులామె మీద పడింది. మలారం తెగింది. గాజులు దారంతా పగిలి పరుచుకున్నాయి.

గాజులామె ఒక్క గాజు కూడా ఏరుకోలేదు. కింద పడిన దారం మాత్రం వెతికి తీసుకుని, రొంటిన దోపుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదో రోజున మిషనాసుపత్రి జీపు వచ్చి ఆగింది. డాక్టరమ్మ దేవమణి చేతిలో అదే దారం.

"నీలవేణి ఎవరమ్మా? ఈ దారం పట్టుకుని ఒకావిడ మూడు రోజులు మా వరండాలో కూర్చుంది. రోగి లేకుండా చీటీ రాయలేమన్నా, పోలేదు. ఒక ముడి పోయినేటి గాజు కొలతట. రెండోది ఇప్పటి చేతిదట."

డాక్టరమ్మ నీలవేణి గొంతు తడిమింది. మడమ వెనక చిన్న సుత్తితో కొట్టింది. పాదం కదిలింది గానీ, వెనక్కి రావడానికి బద్ధకించింది.

"ఈ మందులో అయొడిన్ మోతాదు చాలా ఎక్కువ. ఆయాసం తగ్గిస్తుంది. కానీ కొందరికి గొంతులో ఉండే గ్రంథిని నిద్రపుచ్చుతుంది. అది పడుకుంటే మనిషే పడుకుంటుంది. సీసా ఆపేయండి. ఆయాసానికి వేరే మాత్రలిస్తాను. గ్రంథి మెల్లగా లేస్తుంది."

"ఇంకో రెండు నెల్లు పోసుంటే?" జగ్గమ్మ గొంతు మొదటిసారి పక్కింటికి వినపడలేదు.

డాక్టరమ్మ దారం చుట్ట చుట్టింది.

మొదటి రెండు వారాలూ ఏ మార్పూ లేదు. మూడో వారం బొంత దండెం ఎక్కింది. ఆషాఢంలో ఒకరోజు జగ్గమ్మ, "అన్నం మాడిందే!" అంది.

"నీ నోటికి మాడని అన్నం ఏనాడు రుసించినాది అత్తా?" అంది నీలవేణి, తడుముకోకుండా.

జగ్గమ్మ చాట పడేసి భోరుమంది. ఎవరో పోయారనుకుని వీధంతా వచ్చింది.

శ్రావణంలో పాత రెండుంపావు గాజు చేతికి ఇట్టే ఎక్కింది.

"కొత్తవి ఆ గాజులామె కాడే ఏయించుకుంటాను అత్తా," అంది నీలవేణి. చూశారు, చూశారు. ఆవిడ రాలేదు.

జగ్గమ్మ గజపతినగరం బయల్దేరింది. దారిలో ఎక్కడైనా కనబడుతుందేమోనని సంచిలో గాజులామెకి కొత్త కోక. చేతిలో కాంపౌండర్ని కడిగెయ్యడానికి ఖాళీ సీసా.

నరసింగరావు గుండుతో కూర్చుని ఉన్నాడు. తిట్లు నాలిక మీదే ఉన్నా, మర్యాదకి అడిగింది.

"సింహాచలం ఎల్లినావేటి బాబూ?"

అతను సీసా వైపు చూశాడు.

"ఆ మందు కలపడం మానేశానమ్మా. అది అందరికీ పడదని ఒకావిడ ముందే చెప్పింది. గాజులమ్ముకునేదానివి, నీకేం తెలుసన్నాను. అప్పుడు ఆసుపత్రికెళ్ళింది."

తన మాటే ఎదురొచ్చి తగిలినట్టయింది జగ్గమ్మకి.

"ఆవిడే! ఆవిడకే కోక తెచ్చినాను. ఎక్కడుంటాది బాబూ?"

"పోయి పదిహేను రోజులైంది."

"అయ్యో! నీకెవులు సెప్పినారు?"

గోడ మేకుకి, తెగిన చోట ముడేసిన మలారం వేలాడుతోంది. నరసింగరావు గుండు తడుముకున్నాడు.

"ఆవిడ మా అమ్మ," అన్నాడు.