లీడ్ ఒప్పుకోలేదు

“మళ్ల వాపస్ పంపిండు!”

బాల్‌రాజ్ ల్యాప్‌టాప్‌ను దభీమని మూశాడు. ఆ చప్పుడుకి బెడ్‌రూంలోంచి పల్లవి తల పట్టుకుని బయటకొచ్చింది.

“నాది గూడ గదే కథ. ముందు తిందాం రా.”

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ చిన్న ఫ్లాట్‌లో మొగుడూ పెళ్లాలిద్దరిదీ సాఫ్ట్‌వేరే. పల్లవి ఇంటి నుంచి పనిచేసే టీం లీడ్. బాల్‌రాజ్‌ను మాత్రం కంపెనీ ఎండాకాలంలోనే ఉద్యోగం పీకి ఇంటికి పంపేసింది. అప్పటినుంచి జాబ్ సపోర్ట్ చేస్తున్నాడు. అంటే, ఎక్కడో ఉద్యోగం వెలగబెడుతున్నవాడికి చాటుగా కోడ్ రాసిపెట్టడమన్నమాట. పేరు, కంపెనీ అడగకూడదన్నది ఈ వ్యాపారంలో మొదటి మర్యాద. పని ఇచ్చేవాడు టెలిగ్రామ్‌లో ‘ఈగల్’, అంతే. పల్లవికి నిజం చెబితే క్లాసు పీకుతుందని, ఫ్రీలాన్స్ అని చెప్పాడు.

ఉన్నది ఆ ‘ఈగల్’ ఒక్కడే. వాడూ పోతే ఎల్బీనగర్‌లో బావమరిది జనార్ధన్ రియల్ ఎస్టేట్ ఆఫీసుకు పోవాలి. జనాన్ని కారెక్కించుకుని నాదర్‌గుల్ ప్లాట్లు చూపించాలి. అది తలుచుకుంటేనే బాల్‌రాజ్‌కు ముద్ద దిగదు.

“ఏమంటడు నీ క్లయింట్?” అన్నం వడ్డిస్తూ అడిగింది పల్లవి.

“వాడు మంచోడే. వాని మీదున్న లీడే పెద్ద శని. ఎంత మంచిగ రాసిచ్చినా ఒప్పుకోడు. పొద్దుగాల ఒక మాట, ఇప్పుడొక మాట. పరేషాన్ జేస్తుండు.”

“అసొంటోళ్ల కింద పనిచేసుడు నరకం,” అంది పల్లవి మనస్ఫూర్తిగా.

“మరి నీ లొల్లేంది?”

“మా వంశీకృష్ణ. వాడు రాసిన కోడ్ వానికే తెల్వది! గీ లైన్ ఎందుకు రాసినవ్ అంటే, చూసి చెప్తా మేడం అంటడు. ఎవర్ని చూస్తడో ఏమో! సోమవారం రిలీజ్. వాని పని ఆగితే నా లీడ్ పోస్టు ఊడుతది.”

“తీసెయ్యి.”

“పాపం కదా...”

“పాపమేంది? పని రాకున్నా గసొంటోళ్లు కుర్చీలు పట్టుకుని కూసున్నందుకే, పనొచ్చిన నాసొంటోళ్లు ఇంట్ల కూసున్నరు. ఇప్పుడే చెయ్యి ఫోను!”

అంత కసిగా అనేసరికి పల్లవికీ తెగింపు వచ్చింది. పప్పు కలిపిన చేయి కంచంలోనే ఉంచి, ఎడమచేత్తో మేనేజర్ రామమోహనరావుకు ఫోన్ చేసింది.

“సార్, వంశీకృష్ణతో నావల్ల కాదు. వేరేవాళ్లనివ్వండి, రిలీజ్ నేను చూసుకుంటా.”

“ఇన్నాళ్లూ ఎలా భరించావమ్మా? ఇప్పుడే పిలిచి చెప్పేస్తాను,” అన్నాడాయన.

“శభాష్! లీడంటే గిట్లుండాలె,” అంటూ బాల్‌రాజ్ ఆమె కంచంలో ఇంత నెయ్యి వేశాడు. చాలా రోజుల తర్వాత పల్లవికి అన్నం సహించింది.

చేయి కడుక్కుని, బాల్‌రాజ్ హుషారుగా ల్యాప్‌టాప్ తెరిచాడు. ఎంత మొండి లీడైనా కాదనలేనంత గొప్పగా రాసిపడేయాలనుకున్నాడు. ఈలోగా ఈగల్ నుంచి మెసేజ్ వచ్చింది.

“అన్నా, ఇక కోడ్ వద్దు, మా పల్లవి మేడం నన్ను తీయించేశారు.”