అరచేతి మేస్త్రి

"కట్టెయ్యకండి, రన్నింగులోనే ఉంచండి!" అన్నాడు మేస్త్రి, బానెట్ కింద నుంచి.

స్టీరింగు ముందు కూర్చున్న లాయరుగారు తాళంచెవి మీద నుంచి చెయ్యి తీశారు. మేస్త్రి కుడి అరచేతిని ఎయిర్ ఫిల్టర్ మూత మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అందరూ అతన్ని అరచేతి మేస్త్రి అనేది ఇందుకే. మీటర్లూ లేవు, గీటర్లూ లేవు. పాత ఇంజన్ మీద చెయ్యి వేస్తే చాలు, రోగం చెప్పేస్తాడు. తన చేతి కింద వణికే బండిని మాత్రం షెడ్డు గడప దాటనివ్వడు. ఆ పంతమే ఇన్నాళ్ళూ అతనికి కూడు పెట్టింది.

"ఇంకా వణుకుతోంది," అన్నాడు కళ్ళు తెరిచి.

"నాకేం తెలియట్లేదయ్యా! పొద్దున సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయింది, నిజమే. నువ్వు ఆ చీలిన వాక్యూమ్ పైపు మార్చాక నిమ్మళంగానే ఉందిగా?"

"మీరు నల్లకోటు వేసుకొచ్చి వాదించినా వినను లాయరుగారూ. ఎక్కడో సందులోంచి దొంగగాలి పీలుస్తోంది. నా చెయ్యి అబద్ధం చెప్పదు."

లాయరుగారు సీట్లో వెనక్కి వాలారు. ఇన్నేళ్ళలో ఆ చేతి మీద కేసు గెలిచింది లేదు మరి.

మేస్త్రి గొట్టాల అతుకులన్నిటి మీదా సబ్బునీళ్ళు చల్లాడు. సందు ఉంటే అక్కడ నీళ్ళు పడగానే ఇంజన్ గొంతు మారాలి. మారలేదు. ఒక్కో రబ్బరు గొట్టాన్నీ పటకారుతో నొక్కి చూశాడు. అబ్బే! చివరికి బ్రేకు వైపు వెళ్ళే లావు గొట్టం కూడా పీకేసి కొత్తది ఎక్కించబోయాడు. అది ఎంతకీ మూతికి పట్టలేదు. క్లిప్పు స్క్రూ వేళ్ళలోంచి జారి ఇంజన్ సందులో పడింది.

"దొంగ సరుకు! ఈమధ్య వచ్చే రబ్బరంతా ఇంతే," అని తిట్టుకున్నాడు. "అటు చూడండి. వెనకున్న ఆ రెండు బళ్ళకీ ఇదే జబ్బు. ఓనర్లేమో బాగానే ఉంది, ఇచ్చెయ్యమంటారు. ఎలా ఇచ్చేది?"

ఇంతలో భార్య ఇంట్లోంచి టీ పట్టుకొచ్చింది.

"ఇదేమిటే, గ్లాసు అడుగున పోశావు?"

"నిండా పోస్తే సగం మీ చొక్కా తాగుతోందిగా! ఆ మరకలు ఉతకలేక చస్తున్నాను," అంది. లాయరుగారు ఫక్కున నవ్వారు. ఆమె మాత్రం గొంతు తగ్గించింది. "సరిగ్గా తిని ఎన్నాళ్ళయింది మీరు? బాగుందని ఆయనే అంటున్నారు కదా, ఇచ్చెయ్యండి."

"బాగోని బండిని బాగుందని ఇమ్మంటావా? రేపు మన గడప ఎవడు తొక్కుతాడే?"

తొక్కేవాళ్ళు ఇప్పటికే తగ్గారు. వీధి మలుపులో కంప్యూటర్ పెట్టి చూసే షాపు తెరిచాక, ఈ షెడ్డుకి మిగిలిందల్లా ఆ చేతి మీద నమ్మకం ఒక్కటే.

మేస్త్రి కొత్త గొట్టం ఎలాగో బిగించాడు. గుడ్డతో చెయ్యి తుడుచుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, మళ్ళీ మూత మీద ఆనించాడు. వణుకు అలాగే ఉంది. పొద్దుటికన్నా ఎక్కువే అనిపించింది. మార్చడానికి ఇక గొట్టమంటూ మిగల్లేదు.

"నా వల్ల కావట్లేదు లాయరుగారూ," అన్నాడు. "నా విద్య అయిపోయింది. ఆ మలుపులో షాపుకే తీసుకెళ్ళండి."

"ఊరుకోవయ్యా! నీ చేతికి లొంగని రోగం వాళ్ళకి లొంగుతుందా? ఇవాళ్టికి వదిలెయ్. రేపు చూద్దువుగాని," అంటూ లాయరుగారు తాళం తిప్పేశారు.

మేస్త్రి మూత మీద నుంచి చెయ్యి తీయబుద్ధి కాక అలాగే నిలబడిపోయాడు.

ఇంజన్ ఆగింది, అరచేతి కింద వణుకు ఆగలేదు.