కొసరు

"ఏంటమ్మా ఇది, కోటుకి మీసాలొచ్చాయి?"

వచ్చినాయన నల్లకోటును వెలుతురులో పట్టి చూపించాడు.

బట్టలు కుట్టే ఆ ఇల్లాలికి తల కొట్టేసినట్టయింది. కోటు వీపంతా పిల్లి వెంట్రుకలే.

"ఇటివ్వండి, ఇప్పుడే బ్రష్షు కొట్టి ఇస్తాను."

"వద్దులేమ్మా. ఇంకో కోటు కూడా మీకే ఇద్దామనుకున్నాను. ఇక వేరేచోట చూసుకుంటాను."

ఆయన అటు వెళ్లాడో లేదో, ఆవిడ చూపు ఇటు తిరిగింది. ముందుగది మూల, కుక్క తలను ఆనుకుని, బూడిదరంగు ముద్ద ఒకటి ముడుచుకుని పడుకుంది.

ఆ ముద్ద పేరు కొసరు.

నిజానికి వాళ్లు జంతువుల షెల్టరుకు వెళ్లింది కుక్క కోసం. మిషను తొక్కుతుంటే ఆవిడకు బెల్లు వినిపించదు. వచ్చినవాళ్లు మోగించి మోగించి వెళ్లిపోతున్నారు. కుక్క ఉంటే ఎవరైనా వచ్చారని చెబుతుంది కదా అని ఆశ.

షెల్టరు నడిపే ఆవిడ మంచి కుక్కనే చూపించింది. కానీ ఒక మెలిక పెట్టింది.

"ఈ ముసలి పిల్లిని కూడా తీసుకెళ్లాలి. ఇది పక్కన లేకపోతే వాడు లేవడు, తినడు. ఎందుకో మాకూ తెలీదు."

"కూరగాయలవాడు కూడా ఇంత కొసరు వెయ్యడే," అని భర్త భార్య చెవిలో గొణిగాడు. ఆ పేరే దానికి ఖాయమైంది.

కుక్క మాత్రం బంగారం. గుమ్మంలో ఎవరైనా బెల్లు కొడితే చాలు, నెమ్మదిగా లేచి వచ్చి ఆవిడ మోకాలి మీద ముక్కు ఆనించేవాడు. అరవడు, మీద పడడు. బయట ఉరుములు ఉరిమినా కన్ను తెరవడు.

"గుండె ధైర్యమంటే వీడిదే," అని భర్త మురిసిపోయి దొర అని పేరు పెట్టాడు.

ఆ తర్వాత కూతురు ఎక్కడినుంచో ఒక తెల్లపిల్లికూనను తెచ్చుకుంది. అది దొరసాని అయింది. ఇస్త్రీ చేసిన బట్టల దొంతర మీదే దాని కాపురం. ముద్దొస్తుంది కాబట్టి ఎవరూ ఏమీ అనరు.

కొసరు ముద్దొచ్చేది కాదు. పైగా దానికో పాడు అలవాటు. ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్న దొర చెవి మీద పంజాతో ఫెడీమని కొట్టేది. మిషను ముందు కూర్చున్న ఆవిడకు ఆ మూల కనిపించదు. ఇంట్లో ఉన్నప్పుడల్లా భర్తే చూసి చెప్పేవాడు.

"పనిచేసేవాణ్ణి చూస్తే దానికి కడుపుమంట. వాణ్ణి ఒక్క కునుకు తియ్యనివ్వదు."

కోటు గొడవతో ఆ సాయంత్రం పంచాయితీ తేలిపోయింది.

"ఏమండీ, దాన్ని షెల్టరులో దింపేసి రండి. నా పొట్ట కొట్టేలా ఉంది."

"అమ్మా, కోటు మీదున్నవి తెల్ల వెంట్రుకలు కదా? కొసరుది బూడిదరంగు," అంది కూతురు.

"వెంట్రుక వెంట్రుకే. నువ్వెళ్లి చదువుకో."

భర్త దాన్ని బుట్టలో పెట్టాడు. అది గింజుకోలేదు, అరవలేదు. దొర గుమ్మం దాకా వచ్చాడు. కొసరు బుట్టలోంచి కాలు చాపి వాడి చెవిని తాకింది.

"చూశావా, పోతూ పోతూ కూడా ఒకటిచ్చుకుంది," అని భర్త నవ్వాడు.

మర్నాటి నుంచి దొర పని మానేశాడు.

"ఎంతసేపు నిలబడ్డానమ్మా మీ గుమ్మంలో! ఇంట్లో లేరనుకుని వెళ్లిపోయాను," అని ఒకరు. "బెల్లు పాడైందా?" అని ఇంకొకరు. చేతిలో ఉన్న బేరాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. దొర మాత్రం మూలన పడుకునే ఉన్నాడు. అన్నం గిన్నె ముక్కు దగ్గర పెడితే తప్ప లేవడం లేదు.

"కొట్టేది పోయిందని అలకేంట్రా నీకు?" అని ఆవిడ బతిమాలింది, తిట్టింది.

చివరికి మనసు చంపుకుని షెల్టరుకు ఫోన్ చేసింది.

"ఆ పిల్లిని మళ్లీ తీసుకెళ్తామండీ."



"పోయిన వారమే పోయిందమ్మా. ముసలిదైపోయింది కదా, నిద్రలోనే వెళ్లిపోయింది. ఇక్కడ గేటు చప్పుడైనప్పుడల్లా లేచి, పక్కన కాలితో తడిమి చూసుకునేది."

ఆవిడకు ప్రాణం చివుక్కుమంది. వయసైపోయింది, మనం మాత్రం ఏం చేస్తాం అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

ఆ సాయంత్రం అందరూ కలిసి దొరను జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు.

"బెంగ పెట్టుకున్నాడు డాక్టరుగారూ. లేవమన్నా లేవడు."

డాక్టరు వాడి వెనక్కి వెళ్లి, చేతిలోని స్టీలు పళ్లెం కింద పడేశాడు. గది అదిరిపోయింది. కూతురు ఎగిరిపడింది.

దొర తీరిగ్గా ఆవలించాడు.

డాక్టరు వాడి చెవుల్లో టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"వీడికి పుట్టు చెవుడమ్మా."

"అయ్యో, కాదండీ! మా ఇంట్లో బెల్లు వినేది వీడే. నాకే వినపడదు."

డాక్టరు టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు.

కూతురు నెమ్మదిగా నేల మీద కూర్చుంది. అరచేత్తో దొర చెవి మీద ఒక్కటి తట్టింది, అచ్చం కొసరు కొట్టినట్టే.

దొర చటుక్కున లేచాడు. నేరుగా ఆవిడ దగ్గరికి వచ్చి మోకాలి మీద ముక్కు ఆనించాడు.

వాడి తల మీద వేసిన చెయ్యి తియ్యలేక ఆవిడ అలాగే ఏడుస్తూ కూర్చుండిపోయింది.

ఇన్నాళ్లూ ఆ ఇంట్లో బెల్లు విన్నది కొసరు.