గాలికి దారి

టీ మీద తేలుతున్న నుసుము పురుగులను పెద్దాయన చెంచాతో తీసి సాసరు అంచున పెట్టి, మిగిలిన టీ తాగేశాడు.

తోటలో పది బల్లలున్నాయి. మనిషి ఉన్నది ఆ ఒక్క బల్ల దగ్గరే.

ఊనా కిటికీలోంచి చూస్తూ ఉంది. మూడు రోజులుగా వస్తున్నాడు. తలకు వల లేదు, చేతులకు మందు లేదు. కుట్టించుకుంటూ కూర్చుంటాడు.

స్కాట్లండ్ పడమటి తీరంలో, సముద్రపు పాయ ఒడ్డున ఆమె టీ కొట్టు. లోపల మూడు బల్లలకే చోటు. తోట నిండితేనే కొట్టు నిలుస్తుంది. ఈ వేసవిలో కూడా నిండకపోతే సెప్టెంబరులో తాళం వేసి గ్లాస్గో వెళ్లిపోవాలని ఆమె నిశ్చయించుకుంది.

రెండు గంటలకు పేస్లీ నుంచి పెన్షనర్ల బస్సు వచ్చింది. సన్నటి జల్లు అప్పుడే ఆగింది. ఆకు కదలడం లేదు.

ముప్పై మంది తోటలో కూర్చున్నారు. నాలుగు నిమిషాలు కూర్చున్నారు.

"అమ్మో, నా చెవులు!"

"టీ తాగడానికొచ్చామా, వీటికి ఫలహారం అవడానికొచ్చామా?"

"మోకాళ్ల నొప్పులన్నావుగా జీనెట్, ఆ పరుగేమిటే!"

బస్సు వెళ్లిపోయింది. వేడి స్కోన్ రొట్టెలు బల్లల మీదే ఉండిపోయాయి.

ఊనా పళ్లేలు తీస్తుంటే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ పురుగులకు మందులూ మెషీన్లూ దండగమ్మాయ్. ఆ పడమటి కంచె కొట్టెయ్. నుసుము గాలికి నిలవదు. ఇక్కడ గాలి ఆడదు గనక కాపురం పెట్టింది."

ఎత్తుగా, దట్టంగా పెరిగిన ముళ్లచెట్ల కంచె అది. దాని గురించి ఈ మాట అతను అనడం ఇది మూడోసారి.

"కుదరదన్నానుగా పెద్దాయనా! ఈ ఇల్లు అమ్మి ఓబన్ పట్నంలో వృద్ధాశ్రమానికి వెళ్లిన ఎఫీ గారికి మాటిచ్చాను, దాని జోలికి వెళ్లనని."

"ఎందుకట?"

"అడగలేదు. ఆ పూట ఆవిడ ముఖం చూస్తే అడగబుద్ధి కాలేదు."

పెద్దాయన కాసేపు కంచె వైపే చూశాడు.

"ఇక్కడ దీన్ని నాటినవాడు ఒట్టి వెధవ."

"ఆయన్ని తిడతారేం మధ్యలో? చలిగాలి ఆపుదామనుకున్నాడు పాపం. మంచివాడే అయ్యుంటాడు."

"మంచివాడే. వెధవ కూడా."

ఊనాకు కోపం వచ్చింది. అతను చెప్పింది తప్పని కాదు. రెండేళ్లుగా తనకు తెలిసీ తెలియనట్టు ఉంచుకున్న సంగతిని ఒక పరాయివాడు పైకి అనేస్తున్నాడు. ఇచ్చిన మాట ఆమెకు ఒక చాటుగా ఉండేది. దాని వెనక నిలబడి ఓడిపోతే, ఓటమి తనది కాదనుకోవచ్చు.

ఆమె లోపలికి వెళ్లి రంపం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"సలహాలు ఎవరైనా ఇస్తారు. ఇదిగో, మీరే కోయండి చూద్దాం."

అతను రంపం తీసుకుని కంచె దగ్గరికి నడిచాడు. ఒక కాండానికి దాని పళ్లు ఆనించాడు.

అలాగే నిలబడ్డాడు. చేయి కదలలేదు.

"ఏం, బరువుగా ఉందా?"

"నావల్ల కాదమ్మాయ్. నువ్వే కొయ్యి."

"అంతేలెండి, మీకు నోరొక్కటే పనిచేస్తుంది. రేపట్నుంచి టీ ఇంకెక్కడైనా తాగండి."

అతను నొచ్చుకున్నట్టు కనిపించలేదు. రంపాన్ని ఆమె చేతికిచ్చి, టోపీ సర్దుకుని, నాలుగింటి బస్సుకు వెళ్లిపోయాడు.

అతను పోయినా కోపం పోలేదు. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఊనా కోయడం మొదలుపెట్టింది.

మొదటి కాండం పడేసరికి ముంజేతులు గీరుకుపోయాయి. రెండోది. మూడోది. తలుపంత సందు పడింది. రెండేళ్లలో మొదటిసారి తన తోటలోంచి ఆమెకు సముద్రం కనిపించింది.

ఆ వెనకే గాలి వచ్చింది. బల్లల మీది కాగితపు రుమాళ్లు ఎగిరిపోయాయి. ముఖం చుట్టూ ముసిరిన నుసుముల మబ్బు చెదిరి, మళ్లీ కూడుకోలేదు.

రోడ్డు మీద పోతున్న సైకిళ్లవాళ్లు ఇద్దరు ఆగారు.

"బయట కూర్చోవచ్చా అండీ? కుడతాయా?"

"కూర్చుని మీరే చెప్పండి."

పావుగంట గడిచింది. ఇద్దరూ కూర్చునే ఉన్నారు. ఇంకో కెటిల్ టీ అడిగారు.

ఊనా కళ్లు బస్టాపు వైపు వెళ్లాయి. అక్కడ ఎవరూ లేరు.

ఐదున్నరకు ఆమె ఓబన్‌లోని వృద్ధాశ్రమానికి ఫోను చేసింది.

"ఎఫీ గారూ, మాట తప్పాను. కంచె కోసేశాను. అంతా కాదు, తలుపంత."

అవతల కుర్చీ కిర్రుమంది.

"నీకై నువ్వే కోశావా? ఎవరైనా కొయ్యమన్నారా?"

"ఎవరో ముసలాయన. మూడు రోజులు ప్రాణం తీశాడు. తీరా రంపం చేతికిస్తే కోయలేకపోయాడు. నాటినవాడు వెధవ అని తిట్టడం మాత్రం వచ్చు."

"వెధవ అన్నాడా? సరిగ్గా విన్నావా పిల్లా?"

"విన్నానండీ. పాపం, నేనే కసురుకుని పంపేశాను. ఇప్పుడు గాలి చక్కగా వస్తోంది. ఆ మాట చెబుదామంటే మనిషి లేడు."

"ఎటు వెళ్లాడు?"

"ఓబన్ బస్సెక్కాడు. ఆరింటికి మీ ఊరు చేరుతుంది."

 అవతల ముక్కు చీదిన చప్పుడు, చిన్న నవ్వు.

"అయితే ఇక పెట్టెయ్ పిల్లా, జుట్టు దువ్వుకోవాలి. ఈ గాలికి పిచ్చెక్కుతోందని కొత్తలో నేనొక్కసారి అన్నందుకు ఆ కంచె నాటి, అది పొరపాటంటే ఒప్పుకోలేక ముప్పై ఒక్క ఏళ్ల కిందట గడప దాటిపోయిన నా మొగుడు వస్తున్నాడు."