ఒంటి జాతకం

నా భార్య నూకరత్నం పదకొండేళ్లు మా జిల్లా కబడ్డీ జట్టు తరఫున కూతకు వెళ్లింది. ఈ ఏడుతో ఆట మానేసింది. ఆమె స్థానం ఎవరికివ్వాలో అడగడానికి జట్టు మేనేజరు మా ఇంటికి వచ్చాడు.

"మా చెల్లి సన్యాసమ్మ ఉంది కదండీ. మొదట్నుంచీ నాతోనే ఆడింది. నాకన్నా గట్టిది," అంది రత్నం. వంటింట్లో ఉప్మా కలుపుతున్న సన్యాసమ్మ గరిటె ఆపింది.

మేనేజరు ఫోనులో ఆమె ఒంటి జాతకం తీశాడు. ఒంట్లో ఏ కీలు ఎప్పుడు పోతుందో చెప్పే ఆ జాతకం చూడందే ఇప్పుడు పెళ్లి సంబంధం కూడా కలుపుకోరు.

"కుడి మోకాలండీ. వచ్చే శ్రావణంలో పోతుంది."

"పోయినప్పుడే మారుద్దురు," అన్నాను.

"తెలిసీ ఎలా తీసుకుంటామండీ?" అని, జాతకం బాగున్న ఓ కొత్త పిల్ల పేరు చెప్పాడు. ఆ పిల్ల ఒక్క పోటీలోనూ ఆడలేదు.

సన్యాసమ్మ ముందు ఆయనకే వడ్డించింది. "తినండి బాబూ. నా సేతులకింకా గడువు పెట్టనేదు కదా!"

ఆయన వెళ్లాక, "ఎప్పుడైనా నొప్పెట్టిందా అమ్మా?" అని అడిగాను.

"ఒక్కనాడూ నేదు బావా."

జరగబోయేది దేవుడికి తెలుసు. తెలిసీ చెప్పడు. ఆ దయను మనం ఎందుకు వద్దనుకున్నామో!

మా మేడమెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగే మనిషి సన్యాసమ్మ. ఆ పొద్దున గోడ పట్టుకుని, కుడికాలు మెల్లగా ఆనిస్తూ దిగింది.

"ఒసే, దూకవే!" అని పైనుంచి రత్నం అరిచింది.

సన్యాసమ్మ తలెత్తకుండా తరవాతి మెట్టు కోసం కాలు చాపింది.