స్తంభం చుట్టూ గోడ

చనిపోయిన రాణి పేరు ఎక్కడా మిగలకూడదని కొత్త రాజు ఆజ్ఞ. గుడిలో ఆమె నిలబెట్టించిన స్తంభానికి పనివాళ్లు ఉలి ఆనించబోతుంటే, శిల్పి నఖ్తు పరుగున వచ్చి, ఆ పని చేయిస్తున్న అధికారి కాళ్ల మీద పడ్డాడు.

“పేరు చెరిపించకండి దొరా! దేవుడి పేరు కూడా దానిమీదే ఉంది. చుట్టూ గోడ కట్టేస్తాను, ఎవరికీ కనబడదు.”

“పేరు చెరిపితేనేరా ఆవిడ పైలోకంలోనూ చచ్చేది! అంత ప్రేమ ఉంటే నిన్ను కూడా పెట్టి కట్టించనా ఆ గోడలో?”

“కట్టించండి. ఉలి మాత్రం వద్దు.”

దేవుడికి జంకాడో ఏమో, అధికారి రాళ్లు తెప్పించాడు.

మొదటి వరస పేర్చేముందు నఖ్తు స్తంభం అడుగున వేళ్లతో తడిమాడు. సమాధి కట్టే తాహతు లేక ఇసుకలో పూడ్చిన కూతురి పేరును, ఒకప్పుడు దొంగతనంగా అక్కడ గోరంత అక్షరాల్లో చెక్కుకున్నాడు.

“తమీత్, చీకటికి భయపడకమ్మా,” అన్నాడు.